బొగ్గు వ్యాగన్ ఒకటి చేద్దాం: 1:87 కొలతలో బాక్స్‌ఎన్, దాని కింద రెండు మూరల నేల

మోడల్ రైళ్ళ మోజు పుట్టిన ప్రతివాడూ ముందు ఇంజన్ మీద పడతాడు. నేనూ అంతే. ఇంజన్ కొన్నాక జేబులో ఏమీ మిగల్లేదు. వెనక తగిలించడానికి ఒక్క బండి లేదు. ఒంటరి ఇంజన్ గుండ్రటి పట్టాల మీద గానుగెద్దులా తిరుగుతుంటే వారం రోజులు చూశాను, విసుగొచ్చింది. అందుకే కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: ముందు ఒక గూడ్సు వ్యాగన్ చేయండి. మోటారు ఉండదు, వైర్లు ఉండవు. పోతే ఒక ప్లాస్టిక్ షీటు పోతుంది. పైగా గూడ్సు వ్యాగన్ ఎంత నలిగితే అంత నిజంగా కనిపిస్తుంది, కాబట్టి చేయి వణికి పడ్డ సొట్ట కూడా మన ఖాతాలోనే జమ అవుతుంది.

ఇక్కడ చేసేది బాక్స్‌ఎన్. కాజీపేట–బల్లార్షా లైన్లో గేటు పడినప్పుడు నిలబడి మనం లెక్కపెట్టే, పైన కప్పు లేని బొగ్గు డబ్బా అదే. తయారయ్యాక దాన్ని నిలబెట్టడానికి 90 × 30 సెంటీమీటర్ల చిన్న నేల కూడా చేద్దాం. సాయంత్రాలు మాత్రమే దొరికేవాళ్ళకు రెండింటికీ కలిపి నెల రోజులు పడుతుంది.

కొలతలు

మనం తీసుకునే స్కేల్ హెచ్‌ఓ, అంటే 1:87. అసలు బండి కొలతను మిల్లీమీటర్లలో తీసుకుని 87తో భాగిస్తే మోడల్ కొలత వస్తుంది. ఇది ఒక కాగితం మీద రాసి బల్ల ముందు అంటించుకోండి:

కప్లర్ (రెండు బండ్లను కలిపే కొక్కెం) నుంచి కప్లర్ దాకా పొడవు: 10,713 → 123 మి.మీ.
డబ్బా పొడవు: 9,784 → 112.5
డబ్బా లోపలి వెడల్పు: 2,950 → 34
బయటి వెడల్పు, గోడల మీది నిలువు పట్టీలతో కలిపి: 3,200 → 36.8
లోపలి ఎత్తు: 1,950 → 22.4
పట్టా మీది నుంచి పై అంచు దాకా: 3,225 → 37
రెండు బోగీల కేంద్రాల మధ్య: 6,524 → 75
ఒక బోగీలో ఇరుసుల మధ్య: 2,000 → 23
చక్రం వ్యాసం: 1,000 → 11.5

బోగీ అంటే మనవాళ్ళందరికీ రైలుపెట్టె. ఈ వ్యాసంలో మాత్రం డబ్బా కింద రెండు ఇరుసులతో తిరిగే చక్రాల బండిని బోగీ అంటున్నాను, వర్క్‌షాపుల్లో అనేది కూడా దాన్నే.

ఇదే కుటుంబంలో బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ అని స్టెయిన్‌లెస్ స్టీలు వ్యాగన్ ఉంది. అది 10,963 మి.మీ., అంటే కాస్త పొడవు. ఒక దాని డ్రాయింగు, ఇంకో దాని ఫొటో కలిపి పని మొదలుపెడితే పట్టీలు ఎక్కడా కలవవు.

ఇంకో చిక్కు రెండు పట్టాల మధ్య వెడల్పు, అంటే గేజ్. మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ. 87తో భాగిస్తే 19.3 రావాలి. బజార్లో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మి.మీ., ఎందుకంటే అది విదేశాల 1,435 మి.మీ. గేజ్‌కు చేసింది. దాదాపు 3 మి.మీ. తక్కువ. పక్క నుంచి చూస్తే తెలియదు, ఎదురుగా చూస్తే డబ్బా కింద కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. పట్టాలు సొంతంగా పరుచుకునే ఓపికున్నవాళ్ళు 19.3కే చేస్తారు. నేను 16.5తో సర్దుకుపోయాను, ఎందుకంటే ఇంజన్ అప్పటికే కొనేశాను.

కత్తి పట్టేముందు ఫొటోలు

కొలతల కాగితం చూసి చేసిన వ్యాగన్ పెట్టెలా ఉంటుంది, వ్యాగన్‌లా ఉండదు. ప్లాట్‌ఫారం మీద నుంచో, గేటు బయట నుంచో, పక్కన ఆగిన రేకును (వరసగా తగిలించిన వ్యాగన్ల రైలును) ఫోన్లో తీయండి. పట్టాల మీదికి దిగొద్దు. పక్క గోడ నిటారుగా ఒకటి, చివరి గోడ ఒకటి, బోగీ దగ్గరగా ఒకటి, ఫుట్ ఓవర్‌బ్రిడ్జి ఉంటే పైనుంచి లోపలి భాగం ఒకటి. నిలువు పట్టీలు ఎన్ని, కింది తలుపులు ఎక్కడ, హ్యాండ్ బ్రేకు చక్రం ఏ పక్కన, ఇవన్నీ ఆ ఫొటోల్లో లెక్కపెట్టుకోండి.

ఆ ఫొటోల్లో అసలు చూడాల్సింది దెబ్బలు. థర్మల్ కేంద్రంలో ఈ వ్యాగన్‌ను టిప్లర్ అనే యంత్రం పట్టాలతో సహా పట్టుకుని తలకిందులు చేసి బొగ్గు కుమ్మరిస్తుంది. అప్పుడు దాని చేతులు పై అంచును నొక్కి పట్టుకుంటాయి. అందుకే చాలా వ్యాగన్లకు పై అంచు ఒకటి రెండు చోట్ల లోపలికి వంగి, రంగు ఊడి ఉంటుంది. టిప్లర్ లేని సైడింగుల్లో, అంటే సరుకు దించే పక్క లైన్లలో, జేసీబీతో దించుతారు. బకెట్ పళ్ళు లోపలి గోడకు తగిలి గోడ బయటికి ఉబ్బుతుంది, ఆ ఉబ్బు ఎప్పుడూ రెండు పట్టీల మధ్యే కనిపిస్తుంది, పట్టీ ఉన్నచోట గోడ గట్టిగా ఉంటుంది కాబట్టి. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ నేను సొట్టలు ఇష్టమొచ్చిన చోట పెట్టడం మానేశాను.

సరంజామా

0.5 మి.మీ., 1 మి.మీ. మందం ఉన్న తెల్ల స్టైరీన్ ప్లాస్టిక్ షీట్లు కావాలి. హాబీ షాపులు ఆన్‌లైన్లో పంపుతాయి. దొరక్కపోతే దిగులు పడొద్దు, నా మొదటి రెండు వ్యాగన్లు పాత శుభలేఖలతో చేసినవే. మంచి పెళ్ళి కార్డు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. అంచుల్ని పల్చటి సూపర్ గ్లూతో తడిపి ఆరనిస్తే ప్లాస్టిక్‌లా గట్టిపడుతుంది, ఉప్పుకాగితంతో రుద్దుకోవచ్చు.

స్టైరీన్‌కు టామియా ఎక్స్‌ట్రా థిన్ లాంటి ద్రవ సిమెంటు వాడాలి. అది అంటించదు, రెండు ముక్కల్నీ కాస్త కరిగించి ఒకటి చేస్తుంది. సూపర్ గ్లూ ఆరేటప్పుడు చుట్టూ తెల్లటి పొగలాంటి మచ్చ వదులుతుంది, కాబట్టి దాన్ని లోహపు ముక్కలకే ఉంచండి. ఇంకా బ్లేడు మార్చుకునే కత్తి, స్టీలు స్కేలు, చిన్న మూలమట్టం, ట్వీజర్లు, 400, 800 నంబర్ల ఉప్పుకాగితం, బట్టల క్లిప్పులు చాలు. కిటికీ తెరిచి పని చేయండి, సిమెంటు వాసన తలనొప్పి తెస్తుంది.

డబ్బా

1 మి.మీ. షీటు నుంచి నేల కోయండి: 112.5 × 34. 0.5 షీటు నుంచి పక్క గోడలు రెండు: 112.5 × 23.4. ఆ అదనపు 1 మి.మీ. నేల అంచును కప్పడానికి. చివరి గోడలు రెండు: 34 × 22.4, ఇవి నేల మీద నిలబడతాయి. రెండు పక్క గోడల్నీ ఒకదాని మీద ఒకటి టేపుతో అంటించి కలిపి కోస్తే తేడా రాదు. కత్తిని ఒకేసారి నొక్కొద్దు. తేలిగ్గా మూడుసార్లు గీసి వంచితే షీటు టక్కున విరుగుతుంది, అంచు కూడా శుభ్రంగా వస్తుంది.

ముందు ఒక చివరి గోడను నేలకు మూలమట్టంతో నిలబెట్టండి. బ్రష్‌తో సిమెంటు చుక్క మూలలో తాకించగానే అదే సందులోకి పాకుతుంది. అరగంట ఆగి పక్క గోడ, తర్వాత రెండోది, చివరికి మిగిలిన చివరి గోడ. తొందరపడి నాలుగూ ఒకేసారి నిలబెట్టాలనుకుంటే డబ్బా మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన డబ్బా తర్వాత ఎంత బాగా రంగు వేసినా నాలుగు చక్రాల మీదే నిలబడుతుంది, మిగతా నాలుగు గాల్లో. అద్దం ముక్క మీద పెట్టి నాలుగు మూలలూ వేలితో నొక్కి చూడండి. ఊగితే సిమెంటు పూర్తిగా గట్టిపడక ముందే సరిచేయాలి.

ఇప్పుడు నిలువు పట్టీలు. లోపలి వెడల్పు 34, బయటిది 36.8. అంటే ఒక్కో పక్కకు 1.4 మిగులుతుంది. గోడ 0.5 పోగా పట్టీకి 0.9. కాబట్టి 1 మి.మీ. షీటు నుంచే పట్టీలు సన్నగా కోసి ఒకసారి ఉప్పుకాగితం మీద లాగితే కొలత సరిపోతుంది. పట్టీలు ఎక్కడ రావాలో ఫొటో చూసి గోడ మీద ముందే పెన్సిల్‌తో గీయండి. మధ్య నుంచి మొదలుపెట్టి రెండు పక్కలకీ వెళ్ళండి. ఒక చివర నుంచి మొదలుపెడితే వెంట్రుకవాసి తప్పులు కూడుకుని ఆఖరి పట్టీ మూల దాటి బయటికి వస్తుంది.

తలుపులు 0.25 మి.మీ. కార్డుతో అంటించిన పలకలు చాలు. వాటి కీళ్ళు పక్కనుంచి కనిపిస్తాయి, ఓపికుంటే ఇత్తడి తీగ ముక్కలు పెట్టండి. నేను మొదటి రేకులో పెట్టలేదు, ఇప్పటికీ ఎవరూ అడగలేదు.

పై అంచు పట్టీ ఆఖర్న. అర మి.మీ. ప్లాస్టిక్ గోడను 87తో గుణిస్తే 43 మి.మీ. మందపు గోడ అవుతుంది. నిజం వ్యాగన్ గోడ ఇనుప రేకు మందం కొన్ని మిల్లీమీటర్లే. ఈ అబద్ధాన్ని పై అంచు పట్టీ కప్పేస్తుంది.

ఇక సొట్ట. సన్న మూతి పటకారుకు రెండు మూతులకూ టేపు చుట్టండి. గ్లాసులో వేడినీళ్ళు, పొగలు వచ్చేంత కానీ మరిగేంత కాదు. డబ్బాను తలకిందులుగా పట్టుకుని పై అంచు మాత్రం పది సెకన్లు నీళ్ళలో ముంచండి. తీసి వెంటనే, టిప్లర్ చేయి పట్టుకునే చోట పటకారుతో పట్టి అంచును లోపలికి ఒక మిల్లీమీటరు, అంతకు మించకుండా, వంచి చల్లారేదాకా వదలకండి. వదిలాక కాస్త వెనక్కి వస్తుంది, అది లెక్కలో ఉంచుకోండి. రెండు పట్టీల మధ్య ఉబ్బు కావాలంటే లోపలి నుంచి బాల్‌పెన్ను వెనక వైపుతో నొక్కండి. ఒక రేకులో మూడు నాలుగు వ్యాగన్లకే ఇలా చేయాలి. అన్నింటికీ చేస్తే ఏదో యాక్సిడెంటు జరిగినట్టుంటుంది.

బోగీలు, కప్లర్లు

బాక్స్‌ఎన్ కింద ఉండేది క్యాస్‌నబ్ బోగీ. అటూ ఇటూ పోత ఉక్కు ఫ్రేములు రెండు, మధ్యలో అడ్డంగా ఒక దూలం. అచ్చం అదే మోడల్ కావాలంటే త్రీడీ ప్రింట్ చేయించుకోవాలి. తేలిక దారి అమెరికన్ రోలర్ బేరింగ్ బోగీలు, వాటి కుదురు కూడా ఇదే. కాకపోతే అమెరికన్ 100 టన్నుల బోగీ ఇరుసుల మధ్య దూరం హెచ్‌ఓలో 20.4 మి.మీ., మనకు కావలసింది 23. ఆ రెండున్నర మిల్లీమీటర్లు కదిలే రైల్లో కంటికి దొరకవు. చక్రాలు 11 మి.మీ. వ్యాసం ఉన్న లోహపువి తీసుకోండి. ప్లాస్టిక్ చక్రాలు పట్టా మీది మురికినంతా పోగేసుకుంటాయి. రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 14.4 మి.మీ. దగ్గర ఉందో లేదో కొలవండి, పాయింట్ల దగ్గర, అంటే ఒక లైను రెండుగా చీలే చోట, పట్టా తప్పే వ్యాగన్లలో సగానికి రోగం అక్కడే.

బోగీల కేంద్రాలు 75 మి.మీ. దూరంలో గుర్తు పెట్టి స్క్రూలకు రంధ్రాలు చేయండి. ఒక బోగీ స్క్రూను పక్కలకు ఊగకుండా, అడ్డంగా మాత్రం తిరిగేంత బిగించండి. రెండోదాన్ని అరచుట్టు వదులుగా ఉంచండి, అది ఎటైనా ఊగాలి. మూడు కాళ్ళ పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగకుండా నిలబడుతుంది కదా, ఇక్కడ సూత్రం అదే.

కప్లర్‌కు కేడీ కంపెనీ రకం వాడతాను. దాని ప్రామాణిక ఎత్తు పట్టా పైనుంచి 9.9 మి.మీ. మన రైళ్ళ కప్లర్ ఖాళీ బండికి 1,105 మి.మీ. దాకా ఉంటుంది, అంటే స్కేల్లో 12.7. ఈ తేడాకు నేను కప్లర్ పెట్టెను అడుగున చిన్న ప్యాడ్ మీద కిందికి దించుతాను. రేకంతా మీ చేత్తో మీరే చేసుకుంటే 12.7కే పెట్టుకోవచ్చు, కానీ వేరేవాళ్ళ ఇంజన్‌కు తగలదు.

మధ్య దూలం, బ్రేకు సిలిండర్, గాలి ట్యాంకు, సన్న రాడ్లు, చివర్లో వేలాడే ఎయిర్ హోస్‌లు (బ్రేకు గాలి గొట్టాలు) కూడా ఈ దశలోనే పెట్టాలి. గాలి ట్యాంకుకు ఖాళీ అయిన బాల్‌పెన్ను రీఫిల్ ముక్క భేషుగ్గా సరిపోతుంది.

బరువు. అమెరికా మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సూచన ప్రకారం హెచ్‌ఓ బండికి 1 ఔన్సు, దాని మీద ప్రతి అంగుళం పొడవుకు అర ఔన్సు. మన 123 మి.మీ. అంటే 4.8 అంగుళాలు, లెక్క 97 గ్రాముల దగ్గర తేలుతుంది. ప్లాస్టిక్ డబ్బా ఒక్కటే అందులో సగం కూడా తూగదు. మిగతాది ఇనుప వాషర్లతో నింపండి, బరువు ఎంత కిందికి ఉంటే అంత మంచిది. నా మొదటి శుభలేఖల వ్యాగన్ బరువు లేక ప్రతి వంపులోనూ పడుకునేది. పరీక్షకు ఒక మీటరు నిటారు పట్టా తీసుకుని ఒక చివర 2 సెం.మీ. ఎత్తండి. వ్యాగన్ దానంతటది దొర్లుకుంటూ పోవాలి. పోకపోతే ఇరుసు మొనల దగ్గర రాపిడి ఉంది.

రంగు, నంబరు

ముందు గోరువెచ్చటి సబ్బునీళ్ళతో కడగాలి, వేలిముద్రల జిడ్డు మీద రంగు నిలవదు. రంగు కోసం ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. గేట్లకూ గ్రిల్సుకూ వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ స్ప్రే మన వ్యాగన్ గోధుమ రంగుకు చాలా దగ్గర. అడుగు దూరం నుంచి, చేయి ఆపకుండా, మూడు పల్చటి కోట్లు. ముందు పనికిరాని ముక్క మీద వేసి చూడండి, కొన్ని స్ప్రేలు స్టైరీన్‌ను తినేస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం వేయొద్దు, రంగు గాల్లోనే ఆరి పొడి పొడిగా పడుతుంది.

అక్షరాలు, అంకెలు తెలుపు. మామూలు ప్రింటర్‌లో తెల్ల సిరా ఉండదు. అందుకని తెల్ల డెకల్ కాగితం (నీళ్ళలో నానబెట్టి అంటించే స్టిక్కరు కాగితం) మీద చుట్టూ గోధుమ రంగు, మధ్యలో అంకెలు ఖాళీగా ఉండేలా ప్రింట్ తీస్తాను. అంటించాక అంచుల్ని అసలు రంగుతో కలిపేస్తాను. డెకల్ కింద నిగనిగలాడే వార్నిష్, పైన మ్యాట్ వార్నిష్ వేయాలి. గరుకు రంగు మీద నేరుగా అంటిస్తే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది.

నంబరు విషయంలో కాస్త ఆగుతాను, నాకిష్టమైన భాగం ఇది. మన వ్యాగన్ నంబరు 11 అంకెలు. మొదటి రెండు వ్యాగన్ రకం, తర్వాత రెండు సొంతదారు రైల్వే, తర్వాత రెండు తయారైన సంవత్సరం, ఆపై నాలుగు ఆ బండి సొంత సంఖ్య. పదకొండోది తనిఖీ అంకె, మిగతా పదింటి నుంచి లెక్కకట్టి పెట్టేది. ఫొటోలోని నంబరుకు సొంత సంఖ్య మార్చి కొత్త నంబరు వేస్తే తనిఖీ అంకె కూడా మారాలి. లెక్క ఇలా: సరి స్థానాల్లోని అంకెలు కూడి మూడుతో గుణించాలి, బేసి స్థానాల అంకెలు దానికి కలపాలి, వచ్చినదాన్ని పై పది గుణిజానికి తీసుకెళ్ళడానికి ఎంత కావాలో అదే పదకొండో అంకె. ఉదాహరణకు 1009070459. సరి స్థానాల్లో 0, 9, 7, 4, 9, మొత్తం 29, మూడుతో 87. బేసి స్థానాల్లో 1, 0, 0, 0, 5, మొత్తం 6. కలిపితే 93. వందకు 7 కావాలి. నంబరు 10090704597. స్కేల్లో ఆ అంకెలు ఆవగింజంత ఉంటాయి, ఎవరూ లెక్కకట్టి చూడరు. నాకు తెలుసు కదా, అది చాలు.

మురికి

మురికి పట్టించడానికి వారం ఆగండి, వార్నిష్ బాగా గట్టిపడాలి. నల్ల గోధుమ రంగు అక్రిలిక్ ఒక చుక్కకు నీళ్ళు పది చుక్కలు కలిపి డబ్బా అంతా పులమండి, రెండు నిమిషాల తర్వాత తడిగుడ్డతో పైనుంచి కిందికి మాత్రమే తుడవండి. పట్టీల మూలల్లో నలుపు నిలబడిపోతుంది, వానకు కారిన చారలు వాటంతటవే వస్తాయి.

తుప్పుకు ఇటుక పొడి వాడతాను. మెత్తగా నూరి గుడ్డలో జల్లించి, పొడి బ్రష్‌తో సొట్టల దగ్గర, పై అంచు మీద, లోపలి గోడల మీద అద్దాలి. లోపల రంగు అసలు మిగలదు, ప్రతి ట్రిప్పులో బొగ్గు రాసుకుని పోతుంది. కాబట్టి లోపల తుప్పు గోధుమ, నలుపు కలిపి వేయండి. బోగీల మీద బ్రేకు దిమ్మెల ధూళి ముదురు గోధుమగా పేరుకుంటుంది. చక్రం పట్టాను తాకే అంచు ఒక్కటే వెండిలా మెరవాలి. పొడి నిలవడానికి మ్యాట్ వార్నిష్ కొడితే సగం రంగు మాయమవుతుంది, అందుకే అనుకున్నదానికి రెట్టింపు వేసి కొట్టండి.

బొగ్గు

మా వీధిలో ఇస్త్రీ బండి దగ్గర పది రూపాయలిచ్చి బొగ్గులు అడిగితే, "ఇంట్లో ఇస్త్రీ పెట్టె మానేశారా సార్?" అన్నాడు. అవే గుడ్డలో కట్టి సుత్తితో కొట్టి టీ జల్లెడలో జల్లించాను. పైన మిగిలినవి ముద్దలు, కిందవి పొడి. కర్రబొగ్గుకు మెరుపు ఉండదు. గనిబొగ్గు ఎండలో కొంచెం మెరుస్తుంది, అందుకే అక్కడక్కడా నిగనిగల వార్నిష్ చుక్కలు వేస్తాను.

సన్‌బోర్డ్ (తేలికపాటి ప్లాస్టిక్ పలక) ముక్క 111 × 33 కోసి, దాని మీద కాగితపు గుజ్జుతో మూడు నాలుగు గుట్టలు చేయండి. లోడర్ ఒక్కో బకెట్ పోసినచోట ఒక్కో గుట్ట వస్తుంది, కాబట్టి చదునుగా ఉంచొద్దు. నల్లరంగు, దాని మీద ఫెవికాల్, ముందు పొడి, ఆపైన ముద్దలు. ఒక గుట్ట పైభాగంలో ఇనుప వాషర్ దాచిపెట్టండి. అయస్కాంతంతో పైకి తీస్తే లోడు బయటికి వస్తుంది, అదే వ్యాగన్ ఖాళీగా తిరుగు ప్రయాణం చేస్తుంది.

పూర్తి రేకు చేయాలని ఎవరికైనా మనసవుతుంది. 58 వ్యాగన్లు 1:87లో ఏడు మీటర్లు దాటుతాయి. మా హాలు అంత లేదు.

నేల

90 సెం.మీ. అంటే నిజంలో 78 మీటర్లు. ప్లైవుడ్ అడుగు, మీద సన్‌బోర్డ్, కొంచెం గట్టు. థర్మోకోల్ తేలిక, చవక, కానీ దాని మీద స్ప్రే రంగు కొట్టొద్దు. కొండ చేసిన ఉత్సాహంలో నేను రెడ్ ఆక్సైడ్ డబ్బా తీసి కొట్టాను, రెండు నిమిషాల్లో కొండ నడుం దాకా కరిగి గొయ్యి అయింది. థర్మోకోల్ వాడితే దాని మీద కాగితం, ఫెవికాల్ పొర వేసి నీళ్ళ రంగులే వాడండి.

పట్టా బిగించాక ముందు స్లీపర్ల (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెల) రంగు మార్చాలి. కొన్న పట్టాకు కర్ర స్లీపర్ల గోధుమ రంగో నలుపో ఉంటుంది. మన మెయిన్ లైన్లో కాంక్రీటు స్లీపర్లు, కాబట్టి లేత బూడిద రంగు. పట్టా పక్కలు తుప్పు రంగు, పై ముఖం మాత్రం తుడిచి మెరిపించాలి.

కంకర. నిజం కంకర పెద్దది 65 మి.మీ., స్కేల్లో 0.75. బజార్లో కొన్నవి చాలావరకు బండరాళ్ళలా కనిపిస్తాయి. ఇల్లు కట్టేచోట ఎం-సాండ్ దోసెడు తెచ్చుకోండి. అది గ్రానైట్ దంచి చేసినదే, రంగూ రూపూ రెండూ కుదురుతాయి. టీ జల్లెడలో జల్లించి, కింద పడినదాన్ని మళ్ళీ పల్చటి గుడ్డలో జల్లించి దుమ్ము తీసేయండి. మధ్యలో మిగిలిందే మనది. దాంట్లో ఒకసారి అయస్కాంతం తిప్పండి. ఇనుప రజను ఉంటే అది ఇంజన్ మోటారు లోపలికి చేరుతుంది.

పొడిగానే పోసి, మెత్తటి బ్రష్‌తో స్లీపర్ల మధ్య సర్దాలి. స్లీపర్ల మీద ఒక్క రాయీ ఉండకూడదు, ఈ పనికే గంట పడుతుంది, పట్టనివ్వండి. తర్వాత నీళ్ళు స్ప్రేతో తడిపి, ఫెవికాల్ ఒక పాలు, నీళ్ళు మూడు పాళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపి సిరంజితో చుక్క చుక్కగా వదలండి. లిక్విడ్ లేకపోతే చుక్క ముత్యంలా గుండ్రంగా నిలబడి కంకరను తన మీదికి లాక్కుంటుంది. ఉంటే ఇంకిపోతుంది. పాయింటు కదిలే బ్లేడుల దగ్గర జిగురు వేయకండి, బిగుసుకుపోతుంది.

నేలకు ఎర్రమట్టి ఎండబెట్టి జల్లించి అదే జిగురుతో. పొదలకు వాడేసిన టీపొడి బాగుంటుంది, కానీ పెనం మీద నీరు పూర్తిగా ఇంకేదాకా వేయించాలి. నేను ఎండలో ఆరబెట్టి సరిపెట్టాను, శ్రావణంలో నా పొదలకు తెల్లటి బూజు పట్టింది. ఎండుగడ్డికి గోనెసంచి నార కత్తిరించి గుచ్చండి.

తాటిచెట్టు లేకుండా ఆ ప్రాంతం కుదరదు. అందరూ చేసే తప్పు చెట్టును పొట్టిగా చేయడం. 12 మీటర్ల తాడి స్కేల్లో 14 సెం.మీ., వ్యాగన్ ఎత్తుకు దాదాపు నాలుగు రెట్లు. కాండానికి 4 మి.మీ. కర్రపుల్ల, దాని చుట్టూ దారం దగ్గర దగ్గరగా చుట్టి ఫెవికాల్ పూసి బూడిద నలుపు వేస్తే పాత మట్టల గాట్లు కనిపిస్తాయి. ఆకుకు 15 మి.మీ. గుండ్రటి పచ్చ కాగితం, విసనకర్రలా మడతలు పెట్టి అంచును పళ్ళు పళ్ళుగా కత్తిరించండి. కాడకు కొబ్బరి ఈనె చీలిక. ఒక చెట్టుకు పాతిక ఆకులైనా ఉండాలి. వాటిలో ఐదారు గోధుమ రంగువి, కాండానికి ఆనుకుని కిందికి వేలాడాలి. కల్లు లొట్టి కావాలంటే ధనియం గింజకు నల్లరంగు వేసి దారంతో కట్టండి, కొలత సరిగ్గా కుదురుతుంది.

ఈ లైన్ కరెంటుది కాబట్టి స్తంభం ఉండాలి. నిటారు లైన్లో రెండు స్తంభాల మధ్య 72 మీటర్ల దాకా ఉండొచ్చు, అంటే 83 సెం.మీ. మన నేల మొత్తానికి ఒక్కటి చాలు, మహా అయితే రెండు. జానెడుకొకటి పాతితే పందిరిలా తయారవుతుంది. తీగ పట్టా పైనుంచి 63 మి.మీ. ఎత్తులో.

చివర్లో పసుపు బోర్డు, నల్ల అక్షరాలు. పైన తెలుగు, తర్వాత హిందీ, ఇంగ్లీషు, అడుగున సముద్రమట్టం నుంచి ఎత్తు. నా బోర్డు మీద మా అమ్మమ్మగారి ఊరి పేరుంది. ఆ ఊరికి రైలు లేదు.

అన్నీ ఆరాక వ్యాగన్‌ను పట్టా మీద పెట్టి, ఫోన్‌ను తలకిందులు చేసి కెమెరా నేలకు ఆనేలా పెట్టి ఫొటో తీయండి. మనిషి కంటి ఎత్తు స్కేల్లో 18 మి.మీ., అంతకన్నా పైనుంచి తీస్తే బొమ్మలాగే వస్తుంది. ఆ ఫొటోలో వంకర పట్టీలు, స్లీపరు మీద మిగిలిన రాళ్ళు, వ్యాగన్ లోపల మరిచిపోయిన తెల్ల ప్లాస్టిక్ మూల అన్నీ బయటపడతాయి. బ్రష్ చేతికి అందేలా పెట్టుకునే తీయండి.